మంచుకొండకి మేం నలుగురం

“ఈ వయసులో నీకు మంచుకొండలేమిటే? మోకాళ్ళ నూనె సీసా ఒకటి అయిపోకముందే ఇంకోటి తెప్పిస్తున్నావు కదా!” అన్నారు మా అత్తగారు. ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు. నూనె సీసా నిజమే, మోకాళ్ళూ నిజమే. కానీ చెప్పొద్దూ, నన్ను కొండలకి అలవాటు చేసిందే ఆవిడ. ఇంటర్ అయిపోగానే పెళ్ళి చేసుకుని విశాఖపట్నం వచ్చానో లేదో, ఆ ఆషాఢంలోనే నన్ను సింహాచలం గిరిప్రదక్షిణకి తీసుకెళ్ళారు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, రాత్రంతా నడక. అప్పటినుంచి పురుళ్ళప్పుడు తప్ప ఏ ఏడూ మానలేదు. ఇప్పుడు నాకు నలభై ఆరు. నడక నాకు కొత్త కాదు, కొత్తదల్లా మంచే.

అసలు ఈ కథ మంచుకొండల్లో మొదలవలేదు. పాడేరు దగ్గర వంజంగిలో మొదలైంది. మబ్బులన్నీ కాళ్ళకింద పాలసముద్రంలా పరుచుకుంటాయని ఫోటోల్లో చూసే ఉంటారు. 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపాను వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి, బీచి రోడ్డులో పొద్దున్నే నడిచే మా ఆడవాళ్ళం ఏడుగురం వ్యాను మాట్లాడుకుని బయలుదేరాం. డ్రైవరుని నేను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: “మబ్బులు కనిపిస్తాయా?” దారి ఎలా ఉందని నేనూ అడగలేదు, తక్కిన ఆరుగురూ అడగలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి చీకట్లో ఎక్కడం మొదలుపెట్టాం. వానకి నానిన ఎర్రమట్టి, దానిమీద పొగమంచు. నూనె రాసిన పెనంమీద నడిచినట్టుంది. అరగంటలో నేను జారి చీలమండ మెలితిప్పుకున్నాను. అది పెద్ద విషయం కాదు. మా ఎదురింటి వదినగారు సగం దారిలో ఒక రాయిమీద కూర్చుని, “మీరు పదండి, సూర్యోదయం పోతుంది, నేను మెల్లిగా వస్తాను” అంది. మేం వెళ్ళిపోయాం. ఇది రాయడానికి ఇప్పటికీ నాకు చేయి ఆడదు, అయినా రాస్తున్నాను. ఇరవయ్యేళ్ళుగా కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటున్న మనిషిని ఆ చలిలో, ఆ చీకట్లో వదిలేసి మబ్బులు చూడ్డానికి వెళ్ళిపోయాను.

గంటన్నర తర్వాత దిగి వస్తే ఆవిడ అదే రాయిమీద ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఒళ్ళంతా వణుకు, ఊపిరి పిల్లిపిల్ల అరిచినట్టు శబ్దం చేస్తోంది. ఆవిడకి ఉబ్బసం ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు! గొట్టం మందు వ్యానులో ఉండిపోయిందట. “చెబితే నన్ను తీసుకెళ్ళరని” అంది తరవాత. మా జట్టులో ఒక నర్సమ్మ ఉండబట్టి, పరుగున దిగి మందు తీసుకురాబట్టి సరిపోయింది.

ఆ తరవాత ఆరు నెలలకి, 2024 జూన్‌లో, మావారు పేపరు నా ముందు పెట్టారు. ఉత్తరాఖండ్‌లో సహస్ర తాల్ అనే చోటికి వెళ్ళిన 22 మంది బృందం తిరుగుదారిలో మంచుతుపానులో చిక్కుకుంది. 9 మంది చనిపోయారు. ఎక్కువమంది కర్ణాటకవాళ్ళు, వాళ్ళలో యాభై, అరవై దాటినవాళ్ళూ ఉన్నారు. అదీ మనకి రోహిణి ఎండలు అప్పుడే తగ్గే జూన్ నెలలో!

“చూశావా?” అన్నారు మావారు. చూశాను. అప్పటికే మా పెద్ద తోటికోడలూ నేనూ ఒకసారి నిజం మంచు చూడాలని ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. ఆవిడ విజయనగరంలో టీచరు, యాభై రెండేళ్ళు, నేను అక్కయ్య అంటాను. ఆ వార్త చదివాక మానేద్దామనే అనుకున్నాను. రెండు రోజులు పోయాక అక్కయ్య ఫోన్ చేసి, “మానేయడం ఎప్పుడైనా మానేయొచ్చు. ముందు ఎలా వెళ్ళాలో తెలుసుకుందాం. తెలుసుకున్నాక భయమేస్తే అప్పుడు మానేద్దాం” అంది. అలా ఎనిమిది నెలలు తెలుసుకుంటూనే ఉన్నాం.

మేం ఎంచుకున్నది కేదార్‌కంఠ. ఉత్తరకాశి జిల్లాలో ఉంది. చలికాలంలోనే ఎక్కువమంది వెళ్ళే కొండ అది, కొత్తవాళ్ళు కూడా వెళ్తారు. శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. సింహాచలంలో గుడి ఉన్నది 800 అడుగుల ఎత్తున అని గుర్తుపెట్టుకుంటే సంగతి అర్థమవుతుంది. అంతెందుకు, కొండ కింద నడక మొదలయ్యే సాంక్రీ అనే ఊరే 6,400 అడుగుల దగ్గరుంది. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ అంత ఎత్తు లేదు. ప్రతి వెయ్యి అడుగులకీ చలి రెండు డిగ్రీల చొప్పున పెరుగుతుందట. నేను పచారీ పద్దుల పుస్తకం వెనకపేజీలో లెక్క వేసుకుంటే, విశాఖకీ ఆ శిఖరానికీ పాతిక డిగ్రీల తేడా వచ్చింది. అక్కడి గాలిలో ఊపిరికి దొరికేదీ తక్కువే, ఇక్కడి దాంట్లో మూడింట రెండు వంతులు.

కొండని ఎంచుకోవడం తేలిక. మనుషుల్ని ఎంచుకోవడం కష్టం.

విషయం తెలిసి తొమ్మిదిమంది పేర్లు ఇచ్చారు. ఒకావిడ “ఫోటోలు వస్తే చాలు” అంది. ఇంకొకావిడకి బీపీ, డాక్టరు వద్దన్నా వస్తానంది. ఇద్దరు డబ్బు మాటొచ్చేసరికి తప్పుకున్నారు. చివరికి అక్కయ్య, అక్కయ్య కూతురు, మా నర్సమ్మ, నేను మిగిలాం. ఇంకొకరు కూడా మిగిలారు. ఎదురింటి వదినగారు.

ఆవిడ అందరికన్నా ముందే బూట్లు కొనేసింది. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, “వదినగారూ, కైలాసగిరి మెట్లు ఎక్కుదామా?” అని పిలిచేది. నేను పదిహేను రోజులు నానబెట్టాను. చివరికి ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, వద్దని చెప్పేశాను. “ఉబ్బసం ఉందని కాదు వదినగారూ. డాక్టరుని అడిగి, మందు దగ్గర పెట్టుకుని వెళ్ళే ఉబ్బసంవాళ్ళు ఉంటారు. మీరు దాస్తారు. అక్కడ దాస్తే మీ ఒక్కరికే కాదు, మా ముగ్గురికీ నలుగురికీ ప్రాణంమీదకి వస్తుంది” అన్నాను. ఇంకా మెత్తగా చెప్పి ఉండొచ్చు. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాటినుంచి గోడమీద కూర గిన్నె రావడం మానేసింది.

నలుగురం నెలకోసారి మా ఇంట్లో కూర్చునేవాళ్ళం. పద్దుల పుస్తకం చివరిపేజీల్లో మా ఒప్పందాలు రాసుకున్నాం. అందరికన్నా మెల్లిగా నడిచేవాళ్ళు ముందుండాలి, వాళ్ళ నడకే అందరి నడక. ఒకరు ఆగితే తోడు ఇంకొకరు ఆగాలి, ఎవర్నీ ఒంటరిగా వదలకూడదు. (ఈ వాక్యం రాసినప్పుడు మా నర్సమ్మ నా వైపు చూడలేదు, అది ఆవిడ మంచితనం.) శిఖరం రోజున పొద్దున పది కొట్టేసరికి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి, పది అడుగుల్లో శిఖరం కనిపిస్తున్నా సరే. తలనొప్పి, వాంతి, తూలుడు, ఏది వచ్చినా వెంటనే చెప్పాలి. ఈ చివరిదాన్ని నేనే కింద గీత గీసి మరీ రాశాను.

తీసుకెళ్ళేవాళ్ళని ఫోన్లో అడగడం కూడా నేర్చుకున్నాం. మంచు ఉంటుందా అని అడిగితే ఎవరైనా “బోలెడు” అనే అంటారు, వాళ్ళ వ్యాపారం అది. కిందటిసారి మంచు పడి ఎన్నాళ్ళయింది, నిన్న దిగివచ్చినవాళ్ళు ఏం చెప్పారు, దారిలో గడ్డకట్టిన చోట్లు ఎక్కడున్నాయి, నలుగురికి ఎంతమంది మీవాళ్ళు ఉంటారు, ఆక్సిజన్ సిలిండరు పైదాకా వస్తుందా లేక ఊళ్ళోనే ఉంటుందా, ఎన్ని గంటలకి వెనక్కి తిప్పుతారు అని అడగాలి. ఒకాయన “శిఖరం గ్యారంటీ మేడమ్” అన్నాడు. ఆ నంబరు కొట్టేశాం. కొండమీద గ్యారంటీ ఇచ్చేవాడికి కొండ తెలియదని అక్కయ్య తీర్పు.

వాతావరణం సంగతి కూడా కొంత తెలిసింది. మనకి బంగాళాఖాతంలో అల్పపీడనం ఎలాగో, వాళ్ళకి చలికాలంలో పడమటినుంచి, ఎక్కడో మధ్యధరా సముద్రం వైపునుంచి వచ్చే గాలులు అలాగట. అవి వచ్చినప్పుడల్లా కొండలమీద మంచు కురుస్తుంది. కురిసిన ఒకటి రెండు రోజులు నిటారు వాలుల జోలికి పోకూడదు, కొత్త మంచు పాతదానిమీద అతుక్కోకుండా జారి కిందకి వచ్చేస్తుంది. అందుకని మేం తిరుగు టిక్కెట్టుకి ముందు రెండు ఖాళీ రోజులు ఉంచుకున్నాం. “ఆ రెండు రోజుల హోటలు ఖర్చు దండగ” అన్నారు మావారు. దండగే అయితే అంతకన్నా కావలసిందేముంది?

బట్టల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే మనందరం పొరపాటు చేసేది అక్కడే. నూలు బట్ట మన ఎండలకి దేవత, మంచులో శత్రువు. చెమటకి తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. ఒంటికి అంటుకునే పొర నూలుది కాకుండా చూసుకుని, మీద ఉన్ని, ఆ పైన గాలి చొరబడని కోటు వేసుకోవాలి. కోట్లూ, బూటు కింద తొడిగే ఇనుప పళ్ళ గొలుసులూ అక్కడే అద్దెకి దొరికాయి. గొలుసుల్ని వాళ్ళు స్పైక్స్ అంటారు. తినడానికి నేను సున్నుండలూ, నువ్వుండలూ, పుట్నాల పొడీ పట్టుకెళ్ళాను.

సంక్రాంతి వెళ్ళాక, 2025 ఫిబ్రవరిలో బయలుదేరాం. డెహ్రాడూన్‌నుంచి సాంక్రీ దాదాపు 200 కిలోమీటర్లు, పొద్దున్న ఎక్కితే చీకటిపడే వేళకి చేరాం. పురోలా, మోరీ దాటాక టోన్స్ నది పక్కనే రోడ్డు. మలుపుల గురించి చెప్పను, మా నర్సమ్మ తెచ్చిన ప్లాస్టిక్ కవర్లన్నీ ఖర్చయ్యాయని మాత్రం చెబుతాను.

మా గైడు ఆ ఊరి కుర్రాడే, మా అబ్బాయికన్నా రెండేళ్ళు పెద్దవాడేమో. మమ్మల్ని దీదీ అనేవాడు. మర్నాడు నడక మొదలైన గంటకి, చెట్లనీడలో ఒక వంపు దగ్గర ఆగి, కర్రతో నేల తట్టి, “పాలా హై దీదీ” అన్నాడు. పాలా? ఇక్కడ పాలెక్కడివి అనుకున్నాను. చూస్తే నేల మామూలుగానే ఉంది, కాస్త తడిగా, నల్లగా. కాలు పెట్టబోతే చేయి అడ్డం పెట్టాడు. పగలు కరిగిన నీళ్ళు రాత్రి అద్దంలా గడ్డకట్టి, కింద మట్టి రంగు పైకి కనిపిస్తుంది. అదన్నమాట పాలా అంటే. తెల్లటి మంచుని చూసి భయపడతాం గాని, జారేది తెల్లగా కనిపించని చోటే. వెంటనే స్పైక్స్ తొడిగించాడు.

మన తెలుగులో పొగమంచూ మంచే, గడ్డిమీద బిందువూ మంచే, ఆకాశంనుంచి రాలేదీ మంచే, గడ్డకట్టిందీ మంచే. మనకి అన్ని మాటల అవసరం రాలేదు కాబోలు. ఆ కుర్రాడికి మాత్రం ప్రతి పది గజాలకీ అది వేరే వస్తువు. మొదట్లో నాకు అన్నీ ఒకటిగానే కనిపించాయి. రెండోరోజుకి తెలిసింది, ఇది పాకం చూడ్డం లాంటిదేనని. మనం అరిసెల పాకం చూసేటప్పుడు పుస్తకం చూస్తామా? నీళ్ళలో వేసి, వేలితో ఉండకట్టి, శబ్దం విని తెలుసుకుంటాం. వాడూ అంతే. కాలు వేస్తే అటుకులు నమిలినట్టు కరకరమంటే మంచిది, పట్టు దొరుకుతుంది. చప్పుడు లేకుండా కాలు దిగిపోతే కింద గుల్లగా ఉన్నట్టు. డొల్ల కుండ మీద కొట్టినట్టు ‘ధబ్’ మని వినిపిస్తే ఆగి, పక్కకి తప్పుకోవాలి.

వేళని బట్టి కూడా మారిపోతుంది. తెల్లవారుజామున రాత్రి చలికి పైపొర గట్టిపడి మనిషి బరువు మోస్తుంది. పదకొండు దాటి ఎండ తగిలాక అదే చోట తొడల దాకా కూరుకుపోతాం. అడుగడుక్కీ కాలు పైకి లాక్కోవాలి, ఒక్కొక్క అడుగు పది అడుగుల పని. ఆ గుంటలే సాయంత్రం మళ్ళీ గడ్డకడితే మర్నాటివాళ్ళ చీలమండలకి ఉచ్చులు. కొండకి సూర్యుడు తగిలే వైపూ తగలని వైపూ ఒకే గంటలో రెండు రకాలుగా ఉంటాయి. దిగే దారి ఎక్కిన దారే అయినా ఎక్కినప్పటి దారి కాదు. పది గంటలకి తిరగాలని మేం రాసుకున్నదానికి అసలు అర్థం అక్కడ తెలిసింది. నేను అప్పటిదాకా అది అలసట కోసమనుకున్నాను.

మొదటి రాత్రి జూడా కా తాలాబ్ దగ్గర టెంటులో. సుమారు 9,100 అడుగులు. చెట్ల మధ్య చెరువు గడ్డకట్టి పళ్ళెంలా ఉంది. పిల్లలు దానిమీద ఆడుతుంటే మా అక్కయ్య కూతురు కూడా పరుగెత్తబోయింది. గైడు ఆపి, ఒడ్డు పక్కన ఎండ తగిలేచోట గడ్డ పల్చగా ఉందని చూపించాడు. రెండో రోజు ఎక్కింది కొద్ది కిలోమీటర్లే, కింది శిబిరం దాకా, 10,250 అడుగులు. అక్కడినుంచి స్వర్గారోహిణి శిఖరం కనిపించింది. పాండవులు ఆ దారినే వెళ్ళారంటారు. ద్రౌపది పడిపోయినా, తమ్ముళ్ళు పడిపోయినా ధర్మరాజు వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడని కదా కథ. “మన పుస్తకం ప్రకారం ఆయన్ని మనతో తీసుకురాలేం” అంది అక్కయ్య. నవ్వుకున్నాం.

ఆ నవ్వుతున్నప్పుడే నాకు కణతల దగ్గర మొదలైంది.

ఎండకేమో అనుకున్నాను. టీ తాగాను. తగ్గలేదు. సాయంత్రానికి తల చుట్టూ తాడు బిగించినట్టయింది. వంటవాడు కుక్కరులో పప్పు పెట్టాడు. ఆ ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీలకే మరిగిపోతాయట, కుక్కరు లేకపోతే పప్పు ఎంతసేపటికీ ఉడకదట. ఇంకోరోజైతే పక్కన కూర్చుని వంద ప్రశ్నలు వేసేదాన్ని. ఆ రోజు పప్పు వాసనకే కడుపులో తిప్పింది. అయినా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నిజం చెబుతాను. శిఖరానికి వెళ్ళేది ఆ రాత్రే. ఎనిమిది నెలలు. సీటీ కట్టిన చిట్టీ డబ్బు. మా అత్తగారికి చూపించాల్సిన ఫోటో. అన్నిటికీ మించి, చెబితే నన్ను తీసుకెళ్ళరు.

వదినగారు అన్న మాటే. అక్షరం తేడా లేదు. అప్పుడు నాకు అది తట్టలేదు సుమండీ, ఇంటికొచ్చాక తట్టింది.

పట్టుకున్నది అక్కయ్య. నా పళ్ళెం చూసింది. “పప్పన్నం వదిలేశావేం? నువ్వు నా పెళ్ళిలో మూడుసార్లు వడ్డించుకున్నదానివి” అంది. ఆకలి లేదన్నాను. ఆవిడ ముప్పయ్యేళ్ళుగా పిల్లల అబద్ధాలు పట్టుకుంటున్న టీచరు. ఇంకేమీ అడగకుండా నర్సమ్మని పిలిచింది. నర్సమ్మ నన్ను బయటికి తీసుకెళ్ళి, టార్చి వెలుతురులో టెంటు తాడు పక్కన మడమకి వేలు తగిలిస్తూ గీత మీద నడిచినట్టు నడవమంది. తూలకుండా నడిచాను. వాంతి అయిందా, దగ్గు ఉందా, మాట తడబడుతోందా అని అడిగింది. లేవు. “ఎత్తు పడలేదు. ఇప్పటికి చిన్నదే. కానీ ఇంక ఒక్క అడుగు కూడా పైకి కాదు” అంది. గైడు వచ్చి అదే అన్నాడు.

ఇక వాళ్ళ ముందు అసలు లెక్క. తలనొప్పికి మందు కిందకి దిగడం. కానీ కిందకి వెళ్ళే దారంతా చెట్లనీడ, రాత్రి తొమ్మిది, ఆ వేళకి పాలా కట్టేసి ఉంటుంది. బాగా ముదిరితే రాత్రయినా తాడు కట్టి దింపేస్తానన్నాడు. ముదరకపోతే తెల్లారేదాకా ఆగి, వెలుతురులో దిగడం మేలన్నాడు. గంటకోసారి లేపి అదే నడక నడిపించాలి. గంటకోసారి లేపడం అంటే ఎవరు? నర్సమ్మ పైకి వెళ్తుంది, అమ్మాయిని ఒంటరిగా పంపలేం. అక్కయ్య అప్పటికే బూట్లు విప్పేస్తోంది.

“నువ్వు వెళ్ళక్కయ్యా, సహాయకుడు ఉంటాడుగా” అన్నాను. “పుస్తకంలో ఏం రాశావు?” అంది. అంతే.

రాత్రి రెండున్నరకి వాళ్ళిద్దరూ గైడుతో వెళ్ళిపోయారు. నుదుటి దీపాలు వాలుమీద చుక్కల్లా పైకి పోవడం టెంటు సందులోంచి చూశాను. బయట చలి సున్నాకి చాలా కింద. అక్కయ్య గంటకోసారి లేపింది, నీళ్ళు తాగించింది, తాడు పక్కన నడిపించింది. నాలుగోసారి లేపినప్పుడు ఏడ్చాను. “నీ శిఖరం పోగొట్టాను” అన్నాను. “ఏడిస్తే తలనొప్పి ఎక్కువవుతుంది, పడుకో” అంది.

వెలుతురు వచ్చాక, ఏడింటికి, సహాయకుడితో మేమిద్దరం దిగాం. స్పైక్స్ ఉన్నా నీడ చోట్ల పక్కకి తిరిగి, పిల్లలు మెట్లు దిగినట్టు ఒక్కొక్క అడుగూ దిగాం. విచిత్రం ఏమిటంటే వెయ్యి అడుగులు దిగేసరికి తాడు వదులైంది, చెరువు దగ్గరకి వచ్చేసరికి తల తేలికై, ఆకలి వేసింది. రెండు సున్నుండలు తిన్నాను. అక్కయ్య మూడు.

పైకి వెళ్ళినవాళ్ళు ఎనిమిదిన్నరకే శిఖరం చేరి, మధ్యాహ్నానికి మమ్మల్ని కలిశారు. అమ్మాయి బుగ్గలు టమాటాల్లా ఉన్నాయి. ఫోన్లో ఫోటోలు చూపించింది. అక్కయ్య ఒక ఫోటో దగ్గర ఆగి చాలాసేపు చూసింది. తరవాత ఫోను తిరిగి ఇచ్చేసి, “ముక్కుకి ఆ క్రీము రాసుకోలేదేమే, తోలు లేచిపోతోంది” అంది కూతురితో. ఆ శిఖరం గురించి ఆవిడ ఇంతవరకూ నాతో మళ్ళీ మాట్లాడలేదు. నాకూ అడిగే ధైర్యం లేదు.

మావారు దండగన్న ఆ రెండు ఖాళీ రోజులూ డెహ్రాడూన్‌లో నిద్రపోయాం.

ఇంటికి వచ్చిన మూడో రోజు సున్నుండల డబ్బా పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. వదినగారు కూర్చోమంది, మంచినీళ్ళు ఇచ్చింది, ఎలా జరిగిందని మాత్రం అడగలేదు. నేనే చెప్పాను. కణతల దగ్గర మొదలైన దగ్గర్నుంచి అంతా చెప్పాను.

“అయితే మీరూ దాచారన్నమాట” అంది.

“దాచాను.”

“గీత గీసి మరీ రాసుకున్నారని మీరే చెప్పారుగా.”

“రాసుకున్నాను.”

కాసేపు ఊరుకుంది. లేచి లోపలికెళ్ళి ఒక ఫైలు తెచ్చింది. సంక్రాంతికి ముందే ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకి వెళ్ళిందట. ఊది చూసిన పరీక్ష కాగితాలు, రోజూ వాడాల్సిన మందు చీటీ, నడవొచ్చునని, ఎంత దూరమో, ఎప్పుడు ఆగాలో డాక్టరు రాసిచ్చిన కాగితం, అన్నీ నా ముందు పెట్టింది. నేను ఒక్కొక్కటీ చదివాను. వచ్చే డిసెంబరులో వంజంగి వెళ్దాం, మనిద్దరం, అక్కయ్య వస్తే ముగ్గురం అన్నాను. సూర్యోదయం లేకపోయినా పరవాలేదు, మంచు ఆరాక ఎక్కుదాం అన్నాను.

ఆవిడ డబ్బా మూత తీసి ఒక సున్నుండ విరిచి నోట్లో వేసుకుంది.

“వెళ్దాం సరే. దారి ఎలా ఉందో ముందు ఎవర్ని అడుగుతారు?” అంది.